లెక్క వచ్చు, మౌస్ రాదు: ఆన్‌లైన్ పరీక్షల మీద మీ ప్రశ్నలు

ఈసారి మాకొచ్చిన ఉత్తరాలూ మెయిళ్లూ ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. ప్రైమరీ పిల్లలకి పెట్టే ప్రామాణిక పరీక్షలు, అదేనండీ అన్ని బళ్ల పిల్లల్నీ ఒకే కొలతతో చూడ్డానికి పెట్టేవి, పేపర్ మీంచి కంప్యూటర్ మీదకి మారిపోతున్నాయి, మా బడికీ వచ్చేసింది, పిల్లల్ని ఎలా రెడీ చెయ్యాలి, మేం ఎలా రెడీ అవ్వాలి అని. రాసినవాళ్లలో టీచర్లున్నారు, హెడ్మాస్టర్లున్నారు, తల్లులున్నారు. అందుకే ఈ శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాం. పేర్లు, ఊళ్లు తీసేశాం.

ప్రశ్న (మూడో తరగతి టీచర్): మా క్లాసులో ఒకమ్మాయి లెక్కల్లో చాలా చురుకు. బోర్డు మీద ఏ భిన్నం ఇచ్చినా టక్కున చెప్పేస్తుంది. కంప్యూటర్ మీద ప్రాక్టీస్ టెస్ట్ పెడితే మాత్రం సగం తప్పులొచ్చాయి. ఆ పిల్లకి నిజంగా రాదా, నేనే సరిగ్గా చెప్పలేదా?

జవాబు: రెండూ కాదు మేడమ్. ఈసారి ప్రాక్టీస్ పెట్టినప్పుడు మార్కులు చూడ్డం కాదు, ఆ పిల్ల పక్కన కూర్చుని చెయ్యి చూడండి. సంఖ్యారేఖ మీద మూడు బై నాలుగు ఎక్కడుందో చుక్క పెట్టమన్నాడనుకోండి, ఆ చుక్కని నొక్కి పట్టుకుని లాక్కెళ్లాలి, ల్యాప్‌టాప్ ట్రాక్‌ప్యాడ్ మీద ఎనిమిదేళ్ల పిల్ల వేలు సగం దూరంలో ఒక్క క్షణం లేచిందంటే చుక్క మళ్లీ మొదటికి వెళ్లిపోతుంది, పిల్ల మళ్లీ లాగుతుంది, మళ్లీ పోతుంది, మూడోసారి ఎక్కడాగితే అక్కడ వదిలేసి నెక్స్ట్ కొట్టేస్తుంది. రిపోర్టులో మాత్రం భిన్నాలు రావు అని వస్తుంది. ఆ పిల్లకి భిన్నం వచ్చు, లాగడం రాలేదు, అంతే!

ఇది తేల్చుకోడానికి సులువైన పని ఒకటుంది. ఒక అయిదారు లెక్కలు పేపర్ మీద ఇవ్వండి, రెండు మూడు రోజులు పోయాక అదే రకం లెక్కలు, అంకెలు మార్చి, స్క్రీన్ మీద ఇవ్వండి. రెండు చోట్లా తప్పయితే అది పాఠం మళ్లీ చెప్పాల్సిన తప్పు. పేపర్ మీద రైటై స్క్రీన్ మీద తప్పయితే మెషీన్ తప్పు. ఈ రెండో రకాన్ని ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, నాలుగైదు అలవాట్ల దగ్గరే అన్నీ ఆగిపోతున్నాయని మీకే కనిపిస్తుంది: కింద ఇంకా ప్రశ్న ఉందని తెలియక స్క్రోల్ చెయ్యకపోవడం, రెండు జవాబులు టిక్ పెట్టాల్సిన చోట ఒకటి పెట్టి వెళ్లిపోవడం, అంకె వెయ్యాల్సిన డబ్బాలో కిలోలు, మీటర్లు కూడా టైప్ చేసెయ్యడం, స్క్రీన్ వంక చూస్తూ మనసులోనే లెక్క చేసేసి రఫ్ పేపర్ ముట్టుకోకపోవడం. ఈ చివరిది చాలామంది పట్టించుకోరు, నన్నడిగితే అన్నిటికన్నా ఎక్కువ మార్కులు పోయేది అక్కడే. పేపర్ మీదైతే లెక్క పక్కనే ఖాళీ ఉంటుంది కాబట్టి చెయ్యి దానంతటదే రాస్తుంది, స్క్రీన్ పక్కన ఖాళీ ఉండదు కదా, అందుకని మొదటి రోజు నుంచే ప్రాక్టీస్‌కి కూర్చునేటప్పుడు కాగితం, పెన్సిల్ ముందు పెట్టించి, తర్వాతే కంప్యూటర్ ఆన్ చేయించండి.

మీ అనుమానం మీ ఒక్కరిదే కాదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో 2015, 2016లో ఒకే పరీక్షని కొన్ని బళ్లు ఆన్‌లైన్‌లో, కొన్ని బళ్లు పేపర్ మీద రాయించాయి. తర్వాత పరిశోధకులు లెక్కకట్టి చూస్తే మొదటి ఏడాది ఆన్‌లైన్‌లో రాసిన పిల్లలు లెక్కల్లో దాదాపు 5 నెలల చదువు, ఇంగ్లీషులో దాదాపు 11 నెలల చదువు వెనకబడ్డట్టు కనిపించారు. పిల్లలేం మొద్దులైపోలేదు, పరీక్ష రాసే పద్ధతి మారిందంతే. రెండో ఏడాదికి ఆ తేడా లెక్కల్లో మూడో వంతుకి, ఇంగ్లీషులో సగానికి తగ్గింది. అలవాటైతే తగ్గుతుందన్నమాట, కానీ మొత్తం పోలేదు అన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. నాలుగో తరగతి, ఎనిమిదో తరగతి పిల్లలకి లెక్కలు, సైన్సుల్లో పెట్టే అంతర్జాతీయ పరీక్ష టిమ్స్ కూడా 2019లో కంప్యూటర్ మీదకి మారినప్పుడు, మారిన దేశాల్లోనే కొంతమంది పిల్లల చేత పాత పేపర్ పరీక్ష కూడా రాయించారు, పాత మార్కులకీ కొత్త మార్కులకీ పొంతన కలుపుకోడానికి. అంత పెద్ద పరీక్ష నడిపేవాళ్లే ఆ జాగ్రత్త పడ్డారు, మరి మనం మొదటి ఏడాది మార్కులు చూసి పిల్లని తెలివితక్కువది అనేస్తే ఎలా?

ఇంకొకటి, వీలైతే ట్రాక్‌ప్యాడ్ తీసేసి మామూలు మౌస్ ఇవ్వండి, చిన్న చేతులకి అది చాలా తేలిక. ఎడమచేతి వాటం పిల్లలుంటే మౌస్ అటువైపు పెట్టండి, ఎవరూ అడగరు, పిల్లలూ చెప్పరు.

ప్రశ్న (ఒక తల్లి): మావాడికి తొమ్మిదేళ్లు. ఆన్‌లైన్ టెస్ట్ రాసొచ్చి ఒకటే ఏడుపు. "అన్నీ కష్టంగానే వచ్చాయమ్మా, నా పక్కవాడికి ఈజీ వచ్చాయి" అంటాడు. ఇలా ఒక్కొక్కరికి ఒక్కో పేపర్ ఇవ్వడం న్యాయమేనా?

జవాబు: అమ్మా, ముందు మీవాడికి ఒక మాట చెప్పండి, కష్టమైనవి వచ్చాయంటే ముందువి రైట్ చేశాడని అర్థం అని. ఇలాంటి పరీక్షల్లో చాలావాటిలో జవాబు రైటైతే తర్వాతది కొంచెం కష్టంగా, తప్పైతే కొంచెం తేలిగ్గా వస్తుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో నడిచిన స్మార్టర్ బ్యాలెన్స్‌డ్ పరీక్షలు ఇలాంటివే, బ్రిటన్‌లోని వేల్స్‌లో రెండో ఏడాది నుంచి తొమ్మిదో ఏడాది దాకా (ఆ దేశాల్లో తరగతిని ఏడాది అంటారు) పిల్లలు రాసేవీ ఇలాంటివే, ఆస్ట్రేలియాలో దేశమంతా పెట్టే నాప్లాన్ పరీక్ష అయితే ఒక్కో ప్రశ్నకి కాకుండా కొన్ని ప్రశ్నల గుంపు అయ్యాక తర్వాతి గుంపు ఏదివ్వాలో చూసుకుంటుంది. లెక్కకట్టేటప్పుడు ఎన్ని రైట్ అన్నదొక్కటే చూడరు, ఎంత కష్టమైనవి రైట్ చేశాడన్నది కూడా చూస్తారు, కాబట్టి అన్యాయం లేదు.

బాధల్లా ఏంటంటే ఈ సంగతి పిల్లలకి ముందే ఎవరూ చెప్పరు. పేపర్ పరీక్షలో బాగా చదివే పిల్లాడికి దాదాపు అన్నీ వచ్చేవి, ఇక్కడ అదే పిల్లాడికి చాలా తప్పులు వస్తాయి, రావాలి కూడా, ఎక్కడిదాకా వచ్చో తెలియాలంటే రాని చోటుదాకా వెళ్లాలి కదా. కానీ తొమ్మిదేళ్లవాడికి అది ఓడిపోయినట్టే ఉంటుంది, గుండె జారిపోతుంది, ఆ తర్వాత వచ్చేవి కూడా వదిలేస్తాడు. కాబట్టి బడివాళ్లని అడగండి, పరీక్షకి ముందు క్లాసులో రెండు నిమిషాలు ఈ సంగతి చెప్పమనండి. అలాగే వెనక్కి వెళ్లి జవాబు మార్చుకునే వీలుందా లేదా అన్నది కూడా తెలుసుకోండి. కొన్ని పరీక్షల్లో ఉంటుంది, కొన్నిట్లో నెక్స్ట్ కొడితే ఇక అంతే. "రానివి వదిలేసి చివర్లో చూసుకో" అని మనం చిన్నప్పటి నుంచి నేర్పే మాట అక్కడ పిల్లాడిని ముంచేస్తుంది.

ఇంట్లో మీరు రోజూ మాక్ టెస్టులు పెట్టాల్సిన పని లేదు. పరీక్ష పెట్టేవాళ్లు ఇచ్చిన నమూనా ఒకసారి మీరూ వాడూ కలిసి కూర్చుని చూస్తే చాలు, మార్కులు వెయ్యకండి.

ప్రశ్న (ఒక హెడ్మాస్టర్): పిల్లల సంగతి టీచర్లు చూసుకుంటున్నారు. నా భయం స్టాఫ్ గురించి. ఇంటర్నెట్ పోతే, స్క్రీన్ ఆగిపోతే మావాళ్లకి కాళ్లూ చేతులూ ఆడవు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

జవాబు: సార్, సరైన ప్రశ్న అడిగారు, నిజానికి ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా తక్కువ మాట్లాడుకునేది ఇదే. పిల్లలకి వారాల తరబడి ప్రాక్టీస్ ఇస్తారు, స్టాఫ్‌కి మాత్రం ఒక పీడీఎఫ్ ఫార్వర్డ్ చేసి చదువుకోండి అంటారు. పిల్లలు స్క్రీన్ చూసి భయపడరండీ, టీచర్ మొహం చూసి భయపడతారు. టీచర్ అటూ ఇటూ పరిగెడుతూ ఫోన్లు చేస్తుంటే గదంతా కంగారే.

అందుకని ముందు పనులు పంచండి, పేర్లతో సహా కాగితం మీద రాసి. లాగిన్ చీటీలు పంచేది, తిరిగి తీసుకునేది ఒకరు. మెషీన్లు చూసేది ఒకరు. ఆలస్యంగా వచ్చినవాళ్లు, బాత్రూమ్‌కి వెళ్లేవాళ్లు, వాంతి చేసుకున్నవాళ్లు, వీళ్లందరినీ చూసేది ఇంకొకరు. గదిలో ఉన్న ఇన్విజిలేటర్ మాత్రం గది వదలకూడదు, ఏమొచ్చినా సరే. చిన్న బడి, అంతమంది లేరంటారా, ఒకే మనిషికి రెండు పనులివ్వండి కానీ ఒకే పనికి ఇద్దర్ని పెట్టకండి, వాళ్లు చూస్తారులే అని వీళ్లు, వీళ్లు చూస్తారులే అని వాళ్లు ఊరుకుంటారు.

తర్వాత రిహార్సల్. ఇది నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టి చేసేది కాదు, పరీక్ష రోజు ఎంతమంది ఒకేసారి లాగిన్ అవుతారో అంతమందినీ, అదే గదిలో, అదే టైముకి కూర్చోబెట్టాలి, ఎందుకంటే వైఫై బలహీనత ఒకరిద్దరితో బయటపడదు, ముప్ఫై మంది ఒక్కసారిగా లాగిన్ కొట్టినప్పుడే తెలుస్తుంది. ఆ రోజే హెడ్‌ఫోన్స్ సౌండ్, మౌస్‌లు, ఛార్జర్లు అన్నీ తేలిపోతాయి. పరీక్ష నడిచే ప్రత్యేకమైన బ్రౌజర్ స్క్రీన్‌ని లాక్ చేసేస్తుంది, వేరే ఏ కిటికీ తెరవనివ్వదు, ఆ లాక్ పడ్డాక సౌండ్ పెంచుకోడానికి కూడా కుదరకపోవచ్చు, కాబట్టి లాగిన్ అవ్వకముందే హెడ్‌ఫోన్స్ పెట్టి చూడాలి. మెషీన్ తనంతట తాను అప్‌డేట్ అయ్యేవి, యాంటీవైరస్ పాపప్‌లు, నోటిఫికేషన్లు ముందే ఆపించండి. పిల్ల సగం పేరా చదివాక స్క్రీన్ మీద రీస్టార్ట్ అని వస్తే ఆ పిల్ల ఏం చెయ్యాలి చెప్పండి!

స్క్రీన్ ఆగిపోతే ఏం చెయ్యాలన్నది పిల్లలకీ స్టాఫ్‌కీ ఒకే మాటగా నేర్పండి. చెయ్యెత్తు, ఏదీ నొక్కకు. టీచర్ వస్తారు, మెల్లగా మాట్లాడతారు, స్పేర్ మెషీన్‌కి మారుస్తారు, టైమ్, మెషీన్ నంబర్ రిజిస్టర్‌లో రాస్తారు. "నా జవాబులు పోయాయా టీచర్?" అని పిల్లలు తప్పకుండా అడుగుతారు, దానికి జవాబు ఇన్విజిలేటర్‌కి తెలిసుండాలి. జవాబు ఎప్పుడు సేవ్ అవుతుంది, నెక్స్ట్ కొట్టినప్పుడా, కొన్ని సెకన్లకోసారా, మళ్లీ లాగిన్ అయితే ఆగిన చోటి నుంచే మొదలవుతుందా, గడియారం ఆగుతుందా నడుస్తూనే ఉంటుందా, ఇవన్నీ పరీక్ష పెట్టేవాళ్లని రాతపూర్వకంగా అడిగి తెచ్చుకోండి. తెలియకుండా "ఏం పోవులే" అని మాత్రం చెప్పనివ్వకండి, నిజంగా పోతే ఆ పిల్ల మిమ్మల్ని మళ్లీ నమ్మదు.

మీ వైపు అంతా సరిగ్గా ఉన్నా అవతల సర్వర్ పడిపోవచ్చు. అమెరికాలో టెనెసీ రాష్ట్రంలో 2016 ఫిబ్రవరి 8న కొత్త ఆన్‌లైన్ పరీక్ష మొదటిరోజే నెట్‌వర్క్ చేతులెత్తేసింది, మళ్లీ పేపర్ పరీక్షకి వెళ్దామన్నారు, ఆ పేపర్లు టైముకి రాలేదు, చివరికి ఏప్రిల్‌లో 3 నుంచి 8 తరగతులకి ఆ ఏడాది పరీక్షలు ఆపేశారు. అక్కడి టీచర్లు చెయ్యగలిగిందేం లేదు. కానీ ఆ పూట పిల్లల్ని ఏం చేశారన్నది మాత్రం బడి చేతిలో ఉన్న పని. అందుకే ప్లాన్ బీ అంటే మళ్లీ ఇంకో టెక్నాలజీ అనుకోకండి. అరగంట ఆగితే పిల్లలు ఏం చేస్తారు, ఏ పుస్తకం చదువుకుంటారు, గంట దాటితే ఎవరు ఎవర్ని అడిగి పరీక్ష ఆపేస్తారు, తల్లిదండ్రులకి ఎవరు చెప్తారు, ఇంతే. ఆ నిర్ణయం ఆ హడావుడిలో తీసుకోకండి, ఇప్పుడే రాసి పెట్టుకోండి.

ఇంకో మాట, టీచర్ ఎంతవరకు సాయం చెయ్యొచ్చు అన్న గీత ముందే స్పష్టంగా ఉండాలి. పరీక్షని బట్టి రూల్స్ మారతాయి, కానీ సాధారణంగా బటన్ ఎక్కడుందో చూపించడం వేరు, ప్రశ్న అర్థం చెప్పడం వేరు. కొంతమంది ప్రేమ కొద్దీ "ఇంకోసారి చూసుకో నాన్నా" అంటారు, ఆ ఒక్క మాటతో జవాబు తప్పని చెప్పేసినట్టే. అలాంటి సందర్భాలు రెండు మూడు తీసుకుని స్టాఫ్ మీటింగ్‌లో అందరూ మాట్లాడుకోండి, పీడీఎఫ్ కన్నా అది వంద రెట్లు పనిచేస్తుంది. ఇక ఆఫీసు స్టాఫ్‌నీ, ఆయాలనీ, బెల్ కొట్టేవాళ్లనీ కూడా మీటింగ్‌లో కూర్చోబెట్టండి, ఆ టైముకి మైకులో అనౌన్స్‌మెంట్ వద్దని, పక్క క్లాసుల్లో వీడియో పాఠాలు పెట్టొద్దని వాళ్లకి ఎవరు చెప్తారు మరి.

ప్రశ్న (సీనియర్ టీచర్): నాకు రిటైర్మెంట్ దగ్గరపడింది. పాఠం చెప్పడంలో నన్ను ఎవరూ వేలెత్తి చూపలేదు. ఇప్పుడు కుర్ర టీచర్ల ముందు పాస్‌వర్డ్ ఎలా కొట్టాలో అడగడానికి సిగ్గుగా ఉంది. పరీక్ష డ్యూటీ వద్దని రాసిచ్చేద్దామా అనుకుంటున్నా.

జవాబు: వద్దు మేడమ్, దయచేసి రాసివ్వకండి. మీరు నేర్చుకోవాల్సింది కంప్యూటర్ మొత్తం కాదు, ఆ పరీక్షకి కావాల్సిన కొన్ని పనులు, అంతే. మీరే పిల్లలా కూర్చుని మూడో తరగతి నమూనా పరీక్ష మొదటి నుంచి చివరిదాకా ఒకసారి రాయండి, ఒంటరిగా, తొందర లేకుండా. మీరెక్కడ ఆగారో పిల్లలూ సరిగ్గా అక్కడే ఆగుతారు, కంప్యూటర్ బాగా వచ్చిన కుర్ర టీచర్లకి అది కనిపించదు, మీకు కనిపిస్తుంది. ఆ లిస్టు మీ బడికి చాలా విలువైనది. హెచ్‌ఎంకి చెప్పి ఒక జత ఏర్పాటు చేయించుకోండి, మీతో ఒక చిన్న టీచర్, మెషీన్ సంగతి వాళ్లు చూస్తారు, గది సంగతి మీరు చూడండి. ఏడ్చే పిల్లని ఊరుకోబెట్టడం, గదిని నిశ్శబ్దంగా ఉంచడం ఏ ట్రైనింగ్‌లోనూ రాదు.

ప్రశ్న (నాలుగో తరగతి టీచర్): వ్యాసం కూడా టైప్ చెయ్యాలట. మా పిల్లలు ఒక్కో అక్షరం వెతుక్కుంటున్నారు. చదివే పేరాలు కూడా స్క్రీన్ మీద గబగబా చూసి వదిలేస్తున్నారు.

జవాబు: టైపింగ్ విషయంలో నా అభిప్రాయం కొంచెం గట్టిగానే ఉంటుంది. టైపింగ్ చేతికి రాని పిల్లాడి చేత వ్యాసం టైప్ చేయించి ఇది నీ రాత అనడం, ఆ రోజే కొత్త చెప్పులు తొడిగి పరుగుపందెంలో నిలబెట్టడం లాంటిది. ఆస్ట్రేలియాలో నాప్లాన్ మొత్తం ఆన్‌లైన్ అయిపోయాక కూడా మూడో ఏడాది పిల్లల రైటింగ్ పరీక్షని కాగితం మీదే ఉంచారు, ఊరికే ఉంచలేదు. మీకు ఆ వెసులుబాటు లేకపోతే రోజూ ఒక పది నిమిషాలు, వారంలో ఒకరోజు గంటసేపు కాదు, రోజూ పది నిమిషాలు కీబోర్డు మీద పెట్టించండి. స్పీడ్ అడగకండి. పెద్దక్షరం, చుక్క, కొత్త లైన్, తప్పు చెరపడం, ఈ నాలుగూ చూడకుండా వస్తే సగం గెలిచినట్టే. ఆలోచన మాత్రం ముందు కాగితం మీద రెండు ముక్కలు రాసుకున్నాకే టైప్ చెయ్యమనండి.

చదవడం గురించి మీరు గమనించింది నిజమే. 2000 నుంచి 2017 దాకా జరిగిన 54 పరిశోధనల్ని కలిపి చూస్తే కాగితం మీద చదివినప్పుడే అర్థం కావడం కొంచెం మెరుగ్గా ఉంది, ముఖ్యంగా టైమ్ ఒత్తిడి ఉన్నప్పుడు, సమాచారం ఇచ్చే పాఠాల్లో. కథల్లో ఆ తేడా అంతగా కనపడలేదు. కాబట్టి స్క్రీన్ ప్రాక్టీసుకి కథలు కాకుండా సైన్స్, సోషల్ పేరాలు తీసుకోండి. పిల్లల్ని హైలైటర్ వాడనివ్వండి, కానీ పేరాకి ఒక్క వాక్యమే హైలైట్ చెయ్యాలని రూల్ పెట్టండి, ఏది చెయ్యాలో తేల్చుకోడానికైనా నిదానంగా చదువుతారు, లేకపోతే పేజీ అంతా పసుపు చేసేస్తారు.

ప్రశ్న (ఒక నాన్న): ఇంగ్లండ్‌లో ఉన్న మా చెల్లెలి కూతురికి ఎక్కాల పరీక్ష కంప్యూటర్ మీదే అట, ప్రశ్నకి 6 సెకన్లేనట. అంత తొందర పెడితే పిల్లలు ఏమవుతారు?

జవాబు: అవునండీ, అక్కడ నాలుగో ఏడాది పిల్లలకి 25 ప్రశ్నలు, ప్రశ్నకి 6 సెకన్లు, మధ్యలో 3 సెకన్ల విరామం, 2022 నుంచి ప్రభుత్వ బళ్లలో తప్పనిసరి. కానీ దానికి పాస్ మార్కు లేదు. పిల్లలు ముందే అలవాటు పడటానికి ప్రాక్టీస్ పేజీ ఇస్తారు, కావాలన్న పిల్లలకి ప్రశ్నకీ ప్రశ్నకీ మధ్య నెక్స్ట్ బటన్ పెట్టుకుని ఊపిరి తీసుకునే ఏర్పాటూ ఉంది. మీ మేనకోడలికి ఎక్కాలు నోటికొచ్చి, అంకెల బటన్లు చూడకుండా నొక్కడం వచ్చేస్తే ఇబ్బంది ఉండదు, రెండోది నేర్పడం ఎక్కువమంది మర్చిపోతారు.

ప్రశ్న (ఒక టీచర్): మా క్లాసులో ఒకబ్బాయికి చూపు తక్కువ, ఇంకొకమ్మాయికి అక్షరాలు కలిసిపోయినట్టు కనిపిస్తాయి. వీళ్లకి ఆన్‌లైన్ పరీక్ష మంచిదా, చెడ్డదా?

జవాబు: సరిగ్గా ఏర్పాటు చేస్తే వీళ్లకి పేపర్ కన్నా మంచిదే కావచ్చు. అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు, రంగు మార్చుకోవచ్చు, ఒక్కో లైనే కనిపించేలా పెట్టుకోవచ్చు, అనుమతి ఉంటే ప్రశ్నని కంప్యూటరే చదివి వినిపిస్తుంది. కాకపోతే ఇవి ఆ రోజు అడిగితే రావు, చాలాచోట్ల ముందే ఆ పిల్లల పేరు మీద నమోదు చెయ్యాలి, గడువు దాటితే ఎవరూ ఏం చెయ్యలేరు. రెండోది, నమోదు చేసేసి వదిలెయ్యకండి, పిల్లలు వాటిని వాడి చూడాలి. అక్షరాలు బాగా పెద్దవి చేస్తే పేరా స్క్రీన్ దాటిపోయి పక్కకీ కిందకీ జరుపుకోవాల్సొస్తుంది, కొంతమందికి అది ఇంకా గందరగోళం, అలాంటప్పుడు పెద్ద మానిటర్ తెప్పించడమే మంచిది. కంప్యూటర్ గొంతు కొంతమందికి సాయం, కొంతమందికి చిరాకు. ఏది పనికొస్తుందో క్లాసు పనిలోనే నెలల ముందు నుంచి వాడించి చూసి, పనికొచ్చినవే అడగండి. పరీక్ష ముందురోజు ఆ ఇద్దరి లాగిన్‌లతో మీరే తెరిచి సెట్టింగ్ పడిందో లేదో చూసుకోండి, పడకపోతే ఫోన్ చెయ్యడానికి ఒక పూట మిగులుతుంది.